పిల్లల ఆరోగ్యానికి గడువా?

చట్టాలలో రెండు రకాల వాగ్దానాలుంటాయి. రద్దు చేస్తే తప్ప పోనిది వొకటి. పొడిగిస్తే తప్ప నిలవనిది రెండవది. మొదటి రకం వాగ్దానం యెవరికి దక్కింది, రెండవ రకం యెవరి నెత్తిన పడింది అని వొక్కసారి లెక్కవేసి చూస్తే చాలు, ఆ రాజ్యం యెవరిదో తెలుసుకోవడానికి వేరే పాఠం అక్కరలేదు.

అమెరికా సంగతే చూడండి. 1965లో ఆ దేశం అరవైఅయిదేళ్ళు నిండినవారికి మెడికేర్ అనీ, కడుపేదలకు మెడికెయిడ్ అనీ రెండు వైద్య పథకాలు పెట్టింది. వాటికి గడువు లేదు. 2017 డిసెంబరులో కంపెనీల లాభాలమీద పన్నును నూటికి 35 నుంచి 21కి దించింది. దానికీ గడువు లేదు. కాని మెడికెయిడ్‌కు అర్హత పోయేంత సంపాదనా, ప్రైవేటు బీమా కొనలేనంత లేమీ వున్న కుటుంబాల పిల్లలకోసం 1997లో వొక ఆరోగ్య బీమా పథకం పెట్టింది. దానిని పొడి అక్షరాలతో చిప్ అంటారు. దానికి మాత్రం గడువున్నది. యిప్పుడున్న చట్టం ప్రకారం ఆ గడువు 2029 సెప్టెంబరు 30. ఆ మరునాటినుంచి దానికి డబ్బు యెక్కడినుంచి వస్తుందో చెప్పే వాక్యం ఆ దేశపు చట్టాలలో యెక్కడా లేదు.

యీ తేడా యేదో గుమాస్తా పొరపాటువల్ల వచ్చింది కాదు. దీనివల్ల లాభపడేవాళ్ళున్నారు. అందుకనే దాదాపు ముప్ఫయ్యేళ్ళుగా యిది యిలాగే సాగుతున్నది. పిల్లల ఆరోగ్యానికి అయ్యే ఖర్చును ప్రభుత్వం శాశ్వతంగా, గడువు మాట లేకుండా, తన బాధ్యతగా చట్టంలో రాయాలి. నా వాదం యిదే. యీ వాదాన్ని కుడివైపునుంచి కాదనేవారున్నారు, యెడమవైపునుంచి పెదవి విరిచేవారున్నారు. యిద్దరికీ జవాబు చెప్పాలని నా వుద్దేశం.

ముందు పథకం పుట్టుక తెలుసుకోవాలి. దాని రోగం దాని పుట్టుకలోనే వున్నది. 1993లో క్లింటన్ ప్రభుత్వం ప్రజలందరికీ ఆరోగ్య బీమా అని వొక ప్రణాళిక తెచ్చింది. బీమా కంపెనీలూ వర్తక సంఘాలూ దానికి వ్యతిరేకంగా డబ్బు నీళ్ళలా కుమ్మరించి ప్రచారం చేశాయి. మరుసటి యేడు ఆ ప్రణాళిక సభలో ఓటింగుకు రాకుండానే కన్నుమూసింది. అందరికీ వీల్లేదన్నవాళ్ళు పిల్లలకు కూడా వీల్లేదనడానికి కొంచెం సిగ్గుపడ్డారు. ఆ సిగ్గులోంచి పుట్టింది చిప్. డెమొక్రాటు సెనేటరు ఎడ్వర్డ్ కెనెడీ, రిపబ్లికన్ సెనేటరు ఆరిన్ హాచ్ కలిసి తలపెట్టిన ప్రతిపాదన అది. 1997 ఆగస్టు 5న క్లింటన్ సంతకం చేసిన చట్టంలో అది చేరింది. ఆ చట్టం పేరు సమతుల బడ్జెట్ చట్టం. పేరు గమనించండి. లోటు తగ్గించుకోవడానికి కట్టిన యింట్లో పిల్లలకు వొక మూలగది యిచ్చారు. అదికూడా పదేళ్ళ అద్దెకు. పదేళ్ళకూ కలిపి దాదాపు 4,000 కోట్ల డాలర్లు.

ఆ డబ్బుకు చూపిన దారి మరీ విచిత్రమైనది. సిగరెట్టు పెట్టెమీద 24 సెంట్లున్న ఫెడరల్ పన్నును రెండు విడతలలో 39 సెంట్లు చేశారు. 2009లో పథకాన్ని పొడిగించినప్పుడు దానిని డాలరు దాటించారు. పొగాకు తాగేవాళ్ళ తరఫున నేను వకాల్తా పుచ్చుకోవడం లేదు. ఆ పన్ను వేయవలసిందే. కాని అమెరికాలో పొగతాగేవారు పేదలలోనే హెచ్చు. అంటే పేదవాడి ఊపిరితిత్తులమీద వసూలు చేసి పేదవాడి బిడ్డకు మందిప్పిస్తున్నారన్నమాట. పైగా జనం పొగతాగడం మానేసినకొద్దీ ఆ ఆదాయం తరుగుతుంది. దేశం ఆరోగ్యం బాగుపడినకొద్దీ ఆరోగ్య పథకానికి ఆధారం సన్నగిల్లుతుంది. బాంబర్లకు యిటువంటి షరతు పెట్టిన ప్రభుత్వాన్ని నేను యెరగను. ఫలానా సరుకు అమ్ముడుపోతేనే యుద్ధవిమానాలు కొంటామని యే కాంగ్రెసూ తీర్మానం చేయలేదు.

యిక చట్టపు నిర్మాణం. మెడికెయిడ్ అర్హులకు హక్కు. అర్హత వున్నవాడు వచ్చి నిలబడితే ప్రభుత్వం కాదనడానికి వీల్లేదు. వచ్చినవారు పెరిగితే ఖర్చూ పెరగవలసిందే. చిప్ అలా కాదు. అది రాష్ట్రాలకు యేటేటా యిచ్చే కేటాయింపు. ఖర్చులో నూటికి 65 నుంచి 85 వంతులదాకా ఫెడరల్ ఖజానా భరిస్తుందని మూలచట్టం. మిగతాది రాష్ట్రం వేసుకోవాలి. కొన్ని రాష్ట్రాలు యీ డబ్బుతో మెడికెయిడ్‌నే విస్తరించాయి. కొన్ని విడిగా పథకం పెట్టుకున్నాయి. కొన్ని రెండూ చేశాయి. విడిగా పెట్టుకున్నచోట బిడ్డకు హక్కంటూ లేదు. డబ్బున్నంతవరకే తలుపు తెరిచివుంటుంది.

తలుపు మూస్తే యేమవుతుందో అరిజోనా రాష్ట్రం చూపించింది. బడ్జెట్టు లోటు పేరు చెప్పి 2010 జనవరి నుంచి కొత్త పిల్లలను చేర్చుకోవడం ఆపేసింది. అప్పటికి పథకంలో 45 వేలకు పైగా పిల్లలున్నారు. వున్నవాళ్ళను యెవరూ మెడబట్టి గెంటలేదు. పెద్దవాళ్ళయి కొందరు, మెడికెయిడ్‌కు మారి కొందరు, కాగితం సమయానికి అందించలేక కొందరు జారిపోయారు. జారినవారి జాగాలోకి యింకొకరు రావడానికి వీల్లేదు. కొన్నేళ్ళు తిరిగేసరికి మిగిలినవాళ్ళు రెండు వేలకు లోపు. 2016లో గాని ఆ తలుపు మళ్ళీ తెరుచుకోలేదు. ఆరేళ్ళు! మూడేళ్ళ బిడ్డ తొమ్మిదేళ్ళది కావడానికి పట్టే కాలం. పన్ను చెల్లింపుదారుకు ఆరేళ్ళు ఆలస్యమైతే వడ్డీతో సహా తిరిగి యిస్తారు. బిడ్డకు పోయిన ఆరేళ్ళను యే ఖజానా తిరిగి యిస్తుంది?

యిన్ని లోపాలున్నా పథకం పనిచేసింది. యీ సంగతిని దాచవలసిన అవసరం మనకు లేదు. 1997లో ఆ దేశంలో నూటికి దాదాపు 14 మంది పిల్లలకు యే బీమా లేదు. 2016 నాటికి ఆ సంఖ్య అయిదుకు దగ్గరపడింది. అది చిప్ వొక్కదాని ఘనత కాదు. మెడికెయిడ్ విస్తరించడంవల్లా, 2010 నాటి ఒబామా ఆరోగ్య చట్టంవల్లా కూడా జరిగింది. అయినా చిప్ వచ్చింది కాబట్టే రాష్ట్రాలు పిల్లలను వెతికి చేర్చుకోవడం మొదలుపెట్టాయి. మెడికెయిడ్‌కు అర్హత వుండికూడా తెలియక బయట వున్న పిల్లలెందరో ఆ వెతుకులాటలో దొరికారు. పనికిరానిదని గడువు పెట్టి వుంటే అర్థం చేసుకోవచ్చు. పనికివచ్చినదని తేలిన తరవాతకూడా గడువు పెట్టడమే ఆలోచించవలసిన విషయం.

మొదటి గడువు 2007లో ముగిసింది. అయిదేళ్ళకు మరొక 3,500 కోట్ల డాలర్లు చేర్చి పథకాన్ని పెంచుదామని కాంగ్రెసు రెండు పార్టీల ఓట్లతో బిల్లు పాసుచేసింది. అధ్యక్షుడు జార్జి బుష్ అక్టోబరు 3న వీటో చేశాడు. యిది ప్రభుత్వ వైద్యం వైపు అడుగు అన్నది ఆయన అభ్యంతరం. వీటోను తిరగదోడడానికి ప్రతినిధుల సభలో మూడింట రెండువంతులు కావాలి. 273 మంది బిల్లువైపు, 156 మంది యెదురువైపు నిలిచారు. పదమూడు ఓట్లు తక్కువయ్యాయి. సవరించి పంపిన బిల్లును డిసెంబరులో మళ్ళీ వీటో చేశాడు. యిదే కాలంలో ఇరాక్ యుద్ధానికి నెలకు దాదాపు వెయ్యి కోట్ల డాలర్లు ఖర్చవుతున్నాయి. పిల్లలకు అయిదేళ్ళకు అడిగిన అదనపు సొమ్ము ఇరాక్‌లో నాలుగు నెలలకు చాలదు. డబ్బు లేదన్న మాట యిక్కడే తేలిపోతున్నది. డబ్బున్నది, అది యెటు పారాలన్నదే తగువు.

అదే 2007 ఫిబ్రవరిలో మేరీలాండ్ రాష్ట్రంలో వొక పేద బాలుడు చనిపోయాడు. పుచ్చిన పంటినుంచి చీము మెదడుకెక్కింది. ఆ పన్ను పీకించడానికి ఎనభై డాలర్లు చాలును. కుటుంబానికున్న మెడికెయిడ్ మధ్యలో తెగిపోయింది; బీమా వున్న రోజులలోనూ దానిని వొప్పుకునే పంటి డాక్టరు దొరకడం కష్టమయింది. చివరకు మెదడుకు రెండు ఆపరేషన్లు చేశారు, వారాలతరబడి ఆసుపత్రిలో వుంచారు, రెండులక్షల డాలర్లు దాటి ఖర్చయింది, పిల్లవాడు దక్కలేదు. ఆ చావు దేశాన్ని కదిలించింది. 2009లో చిప్‌ను పొడిగించిన చట్టంలో పంటివైద్యం తప్పనిసరి అని రాశారు. ఆ వొక్క వాక్యానికి అంత వెల! వైద్యం కొనసాగుతూ వుంటేనే వైద్యం. నడుమ తెగితే, తెగిన ఆ కొద్దికాలంలోనే చీము తన పని తాను చేసుకుపోతుంది. రోగానికి ఆర్థిక సంవత్సరం తెలియదు.

అయినా పాలకులు పాఠం నేర్వలేదు. 2017 సెప్టెంబరు 30న గడువు మళ్ళీ ముగిసింది. యీసారి పొడిగింపులేకుండానే ముగిసింది. పథకంలో దాదాపు 90 లక్షలమంది పిల్లలున్నారు. ఆ రోజులలో కాంగ్రెసు యేం చేస్తున్నది? కంపెనీల పన్ను తగ్గించే పనిలో తలమునకలై వున్నది. అక్టోబరు పోయింది, నవంబరు పోయింది. రాష్ట్రాలు మిగులు సొమ్ముతో రోజులు నెట్టాయి. కొలరాడో నవంబరులో, వర్జీనియా డిసెంబరులో తల్లిదండ్రులకు ఉత్తరాలు రాశాయి: మీ బిడ్డ బీమా ఆగిపోవచ్చు, వేరే దారి చూసుకోండి అని. జనవరి వొకటినుంచి కొత్తవాళ్ళను చేర్చుకోమని అలబామా ప్రకటించింది. డిసెంబరు 22న పన్ను చట్టంమీద సంతకమయింది: పదేళ్ళలో దాదాపు లక్షన్నర కోట్ల డాలర్ల ఆదాయాన్ని వదులుకునే చట్టం. ఆ క్రిస్మసు ముందు పిల్లల పథకానికి 285 కోట్ల డాలర్లు విదిలించి, కొన్ని వారాలు నెట్టుకురమ్మన్నారు. చివరకు 2018 జనవరి 22న, అంటే 114 రోజుల తరవాత, ఆరేళ్ళకు పొడిగించారు. ఫిబ్రవరిలో యింకొక నాలుగేళ్ళు కలిపారు. 2022 డిసెంబరులో యింకొక రెండేళ్ళు. అలా 2029కి చేరింది.

యీ 114 రోజులలో బీమా పూర్తిగా తెగిపోయిన పిల్లలు యెక్కువమంది లేరు కదా, యింత గోల యెందుకని అడగవచ్చు. ఉబ్బసం వున్న బిడ్డ తల్లి ఆ ఉత్తరం చదువుకుని డాక్టరు దగ్గరకు వెళ్ళడమా, మానడమా అని లెక్కవేసుకున్న రాత్రి యే గణాంకాలలోకీ యెక్కదు. అప్పు పుట్టని కుటుంబానికి బెదిరింపే సగం దెబ్బ. పైగా రాష్ట్రాల అధికారులు పిల్లలను వెతికి చేర్చవలసిన కాలాన్ని, వున్నవాళ్ళను యెలా తీసివేయాలో ప్రణాళికలు రాయడానికి ఖర్చుచేశారు.

యిక డబ్బు లెక్క. కాంగ్రెసు తన సొంత బడ్జెట్ కార్యాలయాన్ని అడిగింది. అయిదేళ్ళు పొడిగిస్తే పదేళ్ళలో ఖజానాకు పడే నికర భారం 80 కోట్ల డాలర్లే అని ఆ కార్యాలయం 2018 జనవరిలో తేల్చింది. పదేళ్ళు పొడిగిస్తే భారం లేకపోగా 600 కోట్ల డాలర్లు మిగులుతాయని చెప్పింది. కారణం తేలికైనదే. చిప్ పోతే పిల్లలు లోకంనుంచి మాయం కారు. కొందరు మెడికెయిడ్‌లోకి పోతారు. కొందరికి ప్రభుత్వ సబ్సిడీతో అమ్మే ప్రైవేటు బీమా కొనాలి. కొందరు తల్లిదండ్రుల కంపెనీ బీమాలో చేరుతారు. దానిమీద ప్రభుత్వం పన్ను వదులుకోవాలి. యే దారిన పోయినా ఖజానాకు ఖర్చే. అందులో బజారు బీమా మరింత ఖరీదు. కాబట్టి యెక్కువకాలం హామీ యిస్తే తక్కువ ఖర్చు, తక్కువకాలం హామీ యిస్తే యెక్కువ ఖర్చు. పొదుపుకు కట్టుబడ్డామని రోజూ ప్రమాణం చేసేవాళ్ళు యీ పొదుపును యెందుకు కాదంటున్నారు?

కాదనడానికి కారణం, గడువుకు వొక ఉపయోగం వున్నది. అది బేరానికి పనికివస్తుంది. 2017 నవంబరులో ప్రతినిధుల సభ పాసుచేసిన పొడిగింపు బిల్లు ప్రజారోగ్య నివారణ నిధికి కోతపెట్టి ఆ సొమ్ము చూపించింది. అంటే బిడ్డకు మందు కావాలంటే బిడ్డకు వేసే టీకాలకు సాయపడే నిధిని వదులుకోవాలి. 2018 జనవరిలో ప్రభుత్వ వ్యయానికి తెచ్చిన తాత్కాలిక బిల్లుకు చిప్ ఆరేళ్ళ పొడిగింపును తగిలించారు. పసితనంలో తల్లిదండ్రులతో వలసవచ్చి, కాగితాలులేక బహిష్కరణ భయంలో వున్న యువకులకు రక్షణ కావాలని డెమొక్రాట్లు పట్టుబట్టిన సమయం అది. వొక పేదల పిల్లల గుంపుకు యెదురుగా మరొక పేదల పిల్లల గుంపును నిలబెట్టి, యెవరు కావాలో తేల్చుకోండన్నారు. మూడు రోజులు ప్రభుత్వమే మూతపడింది. చిప్‌కు గడువన్నది లేకపోతే ఆ తక్కెడలో వెయ్యడానికి పిల్లలు దొరికేవారు కారు.

కుడివైపు వాదాలు మూడు. గడువుంటేనే సమీక్ష జరుగుతుందన్నది మొదటిది. సమీక్ష కావలసిందే. యేటా లెక్కలు చూడండి, తప్పులుంటే దిద్దండి. కాని సమీక్షించడానికి పథకం పీకమీద కత్తి పెట్టవలసిన పనిలేదు. మెడికేర్‌కు గడువు లేదు. దానిమీద కాంగ్రెసు సమీక్షలు ఆగాయా? సమీక్ష అంత పవిత్రమైతే కంపెనీల పన్ను రేటుకు కూడా అయిదేళ్ళకొకసారి గడువు పెట్టండి. ఆ మాట అనగానే, పెట్టుబడికి స్థిరత్వం కావాలంటారు. పెట్టుబడికి కావలసిన స్థిరత్వం పసిబిడ్డకు అక్కరలేదా?

ప్రభుత్వ బీమా వస్తే జనం ప్రైవేటు బీమా వదిలేస్తారన్నది రెండవది. కొందరు వదులుతారు. వదలక యేం చేస్తారు? యజమాని తన ఉద్యోగికి చవకగా యిచ్చి, ఉద్యోగి పిల్లలకు మాత్రం నిండు ధర వసూలుచేసే బీమా అది. మంచి సరుకు దొరికితే జనం చెడ్డ సరుకు కొనరని ఫిర్యాదు చేసేవాడు జనం తరఫువాడు కాడు. చెడ్డ సరుకు అమ్మేవాడి తరఫువాడు.

శాశ్వతం చేస్తే భావితరాలమీద భారమన్నది మూడవది. పిల్లలే కదా భావితరం! వాళ్ళమీద భారం పడకుండా వాళ్ళకే వైద్యం మానేద్దామనడం యెటువంటి తర్కం?

యిప్పుడు మన యెడమవైపు మిత్రుల మాట. యీ సంగతి చర్చకు వచ్చినప్పుడు కొందరు విద్యార్థి మిత్రులు నాతో గట్టిగా వాదించారు. బీమా అంటేనే బీమా కంపెనీలకు మేత. చాలా రాష్ట్రాలలో చిప్ డబ్బు ప్రైవేటు బీమా సంస్థల చేతుల మీదుగానే పోతున్నది. దానిని శాశ్వతం చెయ్యమనడమంటే కంపెనీల రాబడిని శాశ్వతం చెయ్యమనడమే. మనం అడగవలసింది ప్రజా వైద్యశాలలు, యీ అతుకుల బొంత కాదు అన్నారు.

వాళ్ళు చెప్పిన నిజాలు నిజాలే. బ్రిటన్‌లో 1948 జూలై 5న అన్యూరిన్ బెవన్ నాయకత్వాన జాతీయ వైద్యసేవ మొదలయింది. చేరిక లేదు, వాయిదా లేదు, జబ్బుపడ్డవాడు వెళ్ళి చూపించుకోవడమే. మన గమ్యం అదే. కాని గమ్యం చేరేదాకా దారిలో వున్న బిడ్డ సంగతేమిటి? అంతకన్నా ముఖ్యమైన విషయం వొకటున్నది. వున్నదానిని తీసివెయ్యాలంటే పాలకుడు లేచి నిలబడి చెయ్యెత్తాలి. అతని పేరు రికార్డులో యెక్కుతుంది. గడువు మీరాలంటే చేతులు ముడుచుకు కూర్చుంటే చాలు; నేరం యెవరిదీ కాదు. 2017 జూలైలో ఒబామా ఆరోగ్య చట్టాన్ని కూల్చే బిల్లు సెనేటులో 49–51 ఓట్లతో వీగిపోయింది. యెవరు యెటు నిలిచారో దేశమంతా చూసింది. ఆ మరి రెండు నెలలకే చిప్ గడువు దాటింది. దానిమీద ఓటింగే లేదు. పేర్లూ లేవు.

శాశ్వత చట్టమైతే యిక భద్రమేనని నేను చెప్పడం లేదు. 2025 జూలై 4న ట్రంప్ సంతకం చేసిన చట్టం గడువులేని మెడికెయిడ్‌నే నరికింది. దానివల్ల 2034 నాటికి బీమా లేనివాళ్ళు దాదాపు కోటిమంది పెరుగుతారని ఆ బడ్జెట్ కార్యాలయమే అంచనా కట్టింది. అదే చట్టం గడువు తీరవలసిన 2017 నాటి వ్యక్తిగత పన్ను తగ్గింపులలో చాలావాటిని శాశ్వతం చేసింది. వర్గాలకు శాశ్వతం విలువ యెంతో యింతకంటే స్పష్టంగా యెవరు చెప్పగలరు? ధనికుడు తన రాయితీకి గడువును సహించడు. మనం మాత్రం అది చిన్న సంస్కరణ అని చప్పరించేస్తున్నాం. నరకడానికి వాళ్ళకు చట్టం కావలసివచ్చింది, చర్చ కావలసివచ్చింది, సభలో ఓట్లు లెక్కపెట్టుకోవలసివచ్చింది. పోరాడడానికి ప్రజలకు దొరికే చోటు అదే. హక్కుగా రాసినదానికోసం జనం వీధికెక్కుతారు. దయగా పొడిగించినదానికోసం వినతిపత్రాలు పట్టుకుని గుమ్మాల దగ్గర నిలబడతారు. యీ రెండింటికీ వున్న తేడా తెలియకపోతే మనం రాజకీయం తెలిసినవాళ్ళం కాము.

అమెరికా పిల్లల గొడవ మనకెందుకనేవారున్నారు. ఆ దేశంలో మన తెలుగు కుటుంబాలు లక్షలలో వున్నాయి. వాళ్ళ పిల్లల వైద్యం తండ్రి ఉద్యోగానికో తల్లి ఉద్యోగానికో కట్టివుంటుంది. ఉద్యోగం వూడిననాడు బీమాకూడా వూడుతుంది. 1996 నాటి చట్టం సక్రమంగా వలసవచ్చినవారికి కూడా అయిదేళ్ళు యిటువంటి పథకాలను నిషేధించింది. పిల్లల విషయంలో ఆ నిషేధం యెత్తివేసుకోవచ్చునని రాష్ట్రాలకు 2009లో గాని వీలు యివ్వలేదు.

అంతకంటే దగ్గరి కారణం మన యింట్లోనే వున్నది. మనవాళ్ళు నడుస్తున్నదికూడా ఆ బీమా బాటనే. 1946లో భోర్ కమిటీ డబ్బులేని కారణాన యెవరికీ వైద్యం అందకుండా పోరాదని రాసింది. వూరి దగ్గరి ఆరోగ్య కేంద్రం మొదలు జిల్లా ఆసుపత్రి దాకా ప్రభుత్వమే కట్టాలన్నది. రాజ్యాంగం 47వ అధికరణంలో పోషణ, ప్రజారోగ్యం పెంచడం ప్రభుత్వ ప్రాథమిక కర్తవ్యాలలో వొకటని రాశారు. అది ఆదేశిక సూత్రం. కోర్టుకు పోయి అడిగే హక్కు కాదు. ఆ ఖాళీలోకి 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాలలో ఆరోగ్యశ్రీ వచ్చింది. పసిపిల్లల గుండె ఆపరేషన్లకు ఆస్తులమ్ముకునే కుటుంబాలకు అది నిజమైన వూరట. దానిని వెటకారం చేసేవాడు ఆ తల్లుల ముఖం చూడనివాడు. కాని అది చట్టం కాదు. ప్రభుత్వ ఉత్తర్వులమీదా, యేటి బడ్జెట్టుమీదా నడుస్తున్నది. ప్రభుత్వం మారినప్పుడల్లా ఆంధ్రలో దాని పేరు మారింది. పేరులో నాయకుడు మారాడు. మారనివి బకాయిలు. 2025లో తెలంగాణలో సెప్టెంబరులోనూ, ఆంధ్రప్రదేశ్‌లో అక్టోబరులోనూ బకాయిలు చెల్లించలేదని ప్రైవేటు ఆసుపత్రులు సేవలు నిలిపాయి. అమెరికా బిడ్డకు చట్టంలో రాసిన గడువైనా వున్నది. మన బిడ్డకు గడువు యెప్పుడు ముగుస్తుందో రాసికూడా లేదు; బిల్లులు ఆగిననాడు ముగుస్తుంది.

2018లో కేంద్రం తెచ్చిన ఆయుష్మాన్ భారత్ బీమా కుటుంబానికి యేడాదికి అయిదు లక్షలంటుంది. అదీ ఆసుపత్రిలో పడుకుంటేనే. బిడ్డకు విరేచనాలు పట్టినప్పుడు, జ్వరం తగిలినప్పుడు, పన్ను పుచ్చినప్పుడు మొదటిరోజు చూపించుకోవడానికి అది పనికిరాదు. ముదిరేదాకా ఆగితే పనికివస్తుంది. 2013లో మొదలయిన బాలల స్వాస్థ్య కార్యక్రమం అంగన్‌వాడీలలో, బడులలో పిల్లలను పరీక్షించాలంటుంది. పరీక్షించి కాగితం రాసిన తరవాత ఆ కాగితం పట్టుకుని వెళ్ళడానికి దగ్గరలో డాక్టరున్న ఆసుపత్రి వుండాలి కదా! 2023 మార్చిలో రాజస్థాన్ శాసనసభ ఆరోగ్య హక్కు చట్టం చేసింది. ప్రైవేటు డాక్టర్లు వీధులకెక్కారు. యెవరికి యేది బాధ కలిగించిందో చూడండి. పథకాలు పెట్టినన్నాళ్ళు వాళ్ళెవరూ వీధికెక్కలేదు. హక్కు అన్న మాట రాగానే యెక్కారు.

బాలల హక్కుల ఒడంబడికను ఐక్యరాజ్యసమితి 1989లో ఆమోదించింది. బిడ్డకు సాధ్యమైనంత వున్నతమైన ఆరోగ్యం హక్కు అని అందులో వున్నది. సమితి సభ్యదేశాలలో దానిని ధ్రువీకరించని దేశం వొక్కటే: అమెరికా. ధ్రువీకరించిన మనం ఆ హక్కుకు యెంత బడ్జెట్టు కట్టామో చూసుకుంటే గర్వపడడానికి యేమీ మిగలదు.

కాబట్టి నేను కోరేది స్పష్టంగా చెబుతాను. అమెరికాలో చిప్‌కు గడువు తీసేయాలి. కేటాయింపు పోయి హక్కు రావాలి. సిగరెట్టు పన్ను యేమైనా కానీ, లోటు వుంటే కంపెనీల లాభాలనుంచి భర్తీ చెయ్యాలి. అక్కడి శ్రామిక సంఘాలూ, తల్లుల సంఘాలూ 2029 దాకా ఆగకుండా యిప్పుడే అడగాలి. యిక్కడ, మన రెండు రాష్ట్రాలలో, పద్దెనిమిదేళ్ళలోపు ప్రతి బిడ్డకూ మొదటిరోజు జ్వరంనుంచి గుండె ఆపరేషన్ దాకా ఉచిత వైద్యం హక్కని శాసనసభ చట్టం చెయ్యాలి. దాని ఖర్చు జీతాలలాగా, అప్పుల వడ్డీలలాగా తప్పనిసరి పద్దుకింద రావాలి. డబ్బు మొదట ప్రభుత్వ ఆసుపత్రికి పోవాలి. అక్కడ లేని వైద్యానికే ప్రైవేటుకు పోవాలి.

ఉపాధ్యాయ మిత్రులకు యిది ముఖ్యంగా చెబుతున్నాను. తరగతిలో హాజరు పిలిచేది మీరు. యే బిడ్డ వారంరోజులుగా రావడం లేదో మొదట తెలిసేది మీకు. ఆ బిడ్డ యెందుకు రాలేదో కనుక్కుని రాసిపెట్టండి. యే జబ్బు, యెన్నాళ్ళు, యే ఆసుపత్రికి వెళ్ళారు, అక్కడ యేమన్నారు, యెంత అప్పయింది. విద్యార్థి మిత్రులు ఆ లెక్కలు వూరూరా కూడగట్టాలి. ప్రభుత్వం దగ్గర లేని రిజిస్టరు అది. ఆ రిజిస్టరు చేతపట్టుకుని శాసనసభ ముందుకు పోయిననాడు, నిధులు లేవని చెప్పడం యిప్పుడున్నంత తేలిక కాదు.